గుట్టతీగ ఎదుట సున్నా

పెరట్లో కుళాయి కింద రెండు బకెట్లు ఉన్నాయి. ఎర్రదానిలో ఇంటి బట్టలు, నీలంరంగు దానిలో ఆఫీసు బట్టలు. పొరపాటున రెండూ కలిశాయంటే ఆ రోజంతా అత్తయ్య నోటికి సెలవుండదు. లెక్కలమ్మ నీలం బకెట్‌లోంచి మామయ్య చొక్కా తీసి, బండమీద పరిచి, కాలరును మూడోసారి సబ్బుతో రుద్దుతోంది. నీళ్లు ఇంకా నారింజరంగులోనే దిగుతున్నాయి. నురగ కూడా అదే రంగు. వేళ్ల మధ్య అది జారుతుంటే చితికిన కురుపును పట్టుకున్నట్టు ఆమెకు ఒళ్లు జలదరిస్తోంది.

"ఇంకెంతసేపు రుద్దుతావే? చొక్కా చిరిగి చేతిలోకొస్తుంది" అంది అత్తయ్య వంటింటి కిటికీలోంచి.

"రంగు పోవట్లేదత్తయ్యా."

"పోతే అది తుప్పెందుకవుతుంది? నిన్న చక్కెర డబ్బా మూతమీద కూడా కనిపించింది. మీ మామయ్య చెవుల్లో, నీ జడలో, నా దిండుమీద. పెళ్లయిన ముప్పయ్యేళ్లకి ఈ ఇంట్లోకి నాకో సవతి వచ్చింది, అదీ బూజు."

మామూలు రోజైతే లెక్కలమ్మ నవ్వేదే. ఇవాళ మాత్రం తల ఎత్తలేదు.

ఆమెకు ఆ పేరు ఆఫీసువాళ్లు పెట్టింది. అమ్మానాన్నలు పోయాక మేనమామ ఇంట్లోనే పెరిగింది. ఊరి బడిలో చదువు ముగించి, మామయ్య పనిచేసే కలుపు పరిశోధన కేంద్రంలోనే కుదురుకుంది. ఆకును లెన్సు కింద పెట్టి, దానిమీద తెగులు పొక్కులు ఎన్నున్నాయో లెక్కపెట్టి రిజిస్టరులో రాయడం ఆమె పని. "మొటిమలుంటే ఆ పిల్లకి ఎదురుపడకండి, లెక్కేసి రాసేస్తుంది" అని తోటివాళ్లు ఆటపట్టించేవారు. మామయ్యది గాజుగది. పరీక్షలకు కావలసిన మొక్కలను కుండీల్లో పెంచి ఇవ్వడం ఆయన వంతు.

ఈ తుప్పు కథ దొంగతీగతో మొదలైంది. ఎక్కడినుంచో వచ్చిన కలుపు అది. పచ్చిక బయళ్లను, కంచెలను, చివరికి కరెంటు స్తంభాలను కూడా దుప్పటిలా కప్పేసింది. కోస్తే రెట్టింపవుతుంది. మందు కొడితే ఆ మందు వాగులోకి దిగుతుంది. అది పుట్టినచోట దాన్ని తిని బతికే ఒక తుప్పు తెగులు ఉందని, అది దొంగతీగను తప్ప మరొకదాన్ని ముట్టదని కేంద్రం అధిపతి పెద్దసారు కనిపెట్టి తెప్పించాడు. గాలికి ఎగిరే పొడి అది. ఆకుమీద వాలిందంటే లోపలికి దిగి, పదిహేను రోజుల్లో పొక్కులై పగిలి, మళ్లీ పొడిగా ఎగురుతుంది.

బయట వదలాలంటే ముందు స్థానిక మొక్కలమీద పరీక్ష జరగాలి. దొంగతీగకు దగ్గరి చుట్టం గుట్టతీగ. ఈ గుట్టలమీద తప్ప ఇంకెక్కడా లేని మొక్క, ఊదారంగు పూలు పూస్తుంది. అరవై కుండీల గుట్టతీగకు ఆ పొడి పూసి, మూడు విడతలు చూశారు. మూడు విడతలూ లెక్కపెట్టింది లెక్కలమ్మే. రిజిస్టరులో గుట్టతీగ ఎదుట మూడుసార్లూ సున్నా రాసి, కింద సంతకం చేసింది. ఆ సున్నాలు చూసి అనుమతుల ఆఫీసు తలూపింది. రెండేళ్ల కిందట పడమటి గుట్టమీద తుప్పును వదిలారు. దొంగతీగ ఎండిపోయింది, పెద్దసారు ఫోటో పేపర్లో వచ్చింది.

నిన్న ఆమె జీపులో పడమటి గుట్టకు వెళ్లింది. చచ్చిన దొంగతీగ ఎంతమేరకుందో కొలిచి రావాలి. కొలుస్తూ కొలుస్తూ ఒక రాతిసందులో ఆగింది. అక్కడ దొంగతీగ లేదు, ఉన్నదంతా గుట్టతీగే. ఆకు వెనక్కి తిప్పింది. ఆకు వెనక ఖాళీ చోటు లేదు. పొక్కుమీద పొక్కు, పగిలినవి కొన్ని, పగులుతున్నవి కొన్ని, మధ్యలో జిగట. మొగ్గలు కూడా విచ్చకుండానే ఉబ్బి, కుళ్లి, వేలితో తాకితే ముద్దలా రాలిపోతున్నాయి. వాటిమీద ఈగలు. ఎంత వెతికినా ఒక్క గింజ దొరకలేదు. పక్కనున్న డ్రైవరు తుమ్మి, చేతిరుమాలు చూసుకుని కెవ్వుమన్నాడు. రుమాలంతా నారింజరంగే.

"ఇది చంపాల్సింది దొంగతీగనే కదమ్మాయ్? మరి పాపం, ఈ తీగ ఏం చేసింది?" అన్నాడు.

ఆమె గుట్ట దిగేదాకా చేతులను ఒంటికి దూరంగా పట్టుకుని నడిచింది.

చొక్కా పిండి తీగమీద ఆరేసేటప్పటికి ఆమె ఒక నిర్ణయానికి వచ్చింది. మళ్లీ పరీక్ష చేసి చూడాలి. ఎవరికీ చెప్పకుండా.

మరునాడు మామయ్య దగ్గర మిగిలిన గుట్టతీగ మొక్కలు పది తీసుకుంది. అయిదింటిని గాజుగదిలోనే ఆయన బల్లమీద ఉంచింది, అయిదింటిని తన లెన్సుగది కిటికీ దగ్గర పెట్టుకుంది. కిటికీ మొక్కలు కొత్త చోటికి అలవాటుపడేదాకా వారం ఆగి, కుంచెతో పదింటికీ ఒకే పొడి, ఒకే రోజు పూసింది. తడి గుడ్డ కప్పి, తర్వాత తీసేసింది. అంతకుమించి చేసేదేమీ లేదు, చూస్తూ కూర్చోవడమే. చూడటం ఆమెకు బాగా వచ్చిన పని.

పన్నెండో రోజుకి కిటికీ దగ్గరి అయిదు మొక్కలూ పొక్కాయి. గాజుగదిలోని అయిదూ నున్నగా, నవనవలాడుతూ ఉన్నాయి.

పొడి ఒకటే, రోజు ఒకటే. తేడా ఎక్కడుందో ఆమెకు అంతుబట్టలేదు. మరుసటి ఉదయం అందరికంటే ముందే వెళ్లి గాజుగది మూల నీళ్ల తొట్టి పక్కన నిలబడింది. మామయ్య వచ్చాడు. చొక్కా చేతులు మడిచాడు. బీరువాలోంచి ఒక గుడ్డమూట తీసి, గుట్టతీగ కుండీల దగ్గరకెళ్లి, చంటిపిల్లకు పౌడరు అద్దినట్టు ఒక్కో మొక్కమీదా మెల్లగా తట్టసాగాడు. పసుపుపచ్చని దుమ్ము సన్నగా రాలింది.

"ఏంటది మామయ్యా?"

ఆయన ఉలిక్కిపడ్డాడు. "హమ్మ నీ! గుండె ఆగేది. ఏముంది, గంధకం."

"ఎందుకు?"

"బూడిద తెగులు రాకుండా. గుట్టతీగ సుకుమారి. కాస్త ఏమరుపాటుగా ఉంటే ఒళ్లంతా తెల్లమచ్చలే."

"పరీక్షలప్పుడు కూడా చల్లారా?"

"అప్పుడైతే వారం తప్పలేదు. బయటనుంచి పెద్దపెద్దవాళ్లు వచ్చి చూసే మొక్కలాయె. రోగిష్టి మొక్కలు చూపించి పరువు తీసుకోమంటావా?"

"మరి దొంగతీగకి?"

మామయ్య నవ్వాడు. "చచ్చేదానికి స్నో, పౌడరూ ఎందుకే?"

లెక్కలమ్మ పక్కనున్న బోర్లించిన కుండీమీద కూర్చుండిపోయింది. గంధకం ఉన్న ఆకుమీద తుప్పు మొలవదు. తోటపని తెలిసిన ఎవరికైనా తెలిసిన సంగతే. కానీ మామయ్య మనసులో గంధకం ఒకటి, పరీక్ష ఒకటి. ఒకటి స్నానం లాంటిది, రెండోది ఆఫీసు వ్యవహారం. మొక్కకు స్నానం చేయించానని ఎవరైనా రిజిస్టరులో రాస్తారా?

ఆమె నెమ్మదిగా విడమరిచి చెప్పింది. గుట్టమీది ఆకుల సంగతి, కిటికీ దగ్గరి మొక్కల సంగతి. ఆయన మొదట తల అడ్డంగా ఊపాడు. తర్వాత ఆపేశాడు. చేతిలోని మూటను ఎక్కడ పెట్టాలో తెలియనట్టు కాసేపు పట్టుకుని, చివరికి నేలమీద వదిలేశాడు.

"అంటే నేను... నేను బాగా చూసుకోబట్టేనా?"

లెక్కలమ్మకు ఆయనను తప్పుపట్టే హక్కు తనకు లేదని అప్పుడే గుర్తొచ్చింది. ఆ మూడు విడతల్లో లెన్సు కింద ఆకులమీద పసుపు నలుసులు కనిపించాయి. పుప్పొడి అనుకుంది. పూయని మొక్కకు పుప్పొడి ఎక్కడిదని ఆలోచించలేదు. లెక్కపెట్టే ముందు దుమ్ము తుడవాలని నియమం. తుడిచింది. సున్నా రాసింది. శభాష్ అంటే పొంగిపోయింది కూడా. ఇప్పుడు ఆ సున్నాలు తలుచుకుంటే నోట్లో చేదుగా ఉంది, ఎంత ఉమ్మినా పోవడం లేదు.

పెద్దసారు ఆమె మాట చివరిదాకా విన్నాడు. నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుని విన్నాడు.

"కిటికీలో పెట్టుకుని చేసింది పరీక్ష అనిపించుకోదమ్మా. నువ్వు లెక్కపెట్టే మనిషివి. లెక్కపెట్టు."

"సార్, వచ్చేవారం తూర్పు గుట్టమీద కూడా వదులుతున్నారు. అక్కడి గుట్టతీగ ఇంకా శుభ్రంగా ఉంది. గాలి అటునుంచి ఇటే వీస్తుంది కాబట్టి తుప్పు అక్కడికి పోలేదు. మనం మోసుకెళ్తేనే పోతుంది. అక్కడి తీగ కూడా చస్తే ఇక ఎక్కడా..."

"దొంగతీగ కూడా అక్కడ శుభ్రంగానే ఉంది. పశువులు మేయడానికి గడ్డిపోచ లేదు. పశువుల కాపర్లకేం చెప్పమంటావు?"

అది అబద్ధం కాదు. అందుకే ఆమెకు మరీ అసహ్యమేసింది.

అనుమతుల ఆఫీసుకు ఫోన్ చేసింది. అవతలి గుమాస్తా విసుగ్గానే అయినా సాయపడ్డాడు. రెండోసారి వదలాలంటే ఒక కాగితం కావాలట. పరీక్ష మొక్కలకు ఏ మందూ వాడలేదని వాటిని పెంచినవాళ్లు, లెక్కపెట్టినవాళ్లు సంతకాలు చెయ్యాలి. "ఆ మొక్కలకు మందు చల్లారని మీరు చెప్తే ఏం లాభం? చల్లినాయన వచ్చి చెప్పాలి. ఆయన నోటిమాట రాసుకున్నామంటే ఆ రోజే ఆపేస్తాం. అయిదింటిదాకా ఉంటాం" అన్నాడు.

ఆ సాయంత్రం అన్నాల దగ్గర ఆమె ఈ మాట చెప్పింది. మామయ్య కంచంలో వేళ్లు పెట్టి అలాగే ఉండిపోయాడు.

"రిటైరుమెంటుకి ఇంకా నాలుగు నెలలు" అంది అత్తయ్య. "నాలుగు నెలల్లో దండ వేసి, చేతులు జోడించి పంపిస్తారు. ఇప్పుడెళ్లి 'అయ్యా, నేనే పాడుచేశాను' అని చెప్పుకుంటే ఏమంటారు? ముప్పయ్యేళ్లు కుండీలకు నీళ్లుపోసి, చివరికి గుట్టను తగలెట్టాడంటారు."

"తూర్పు గుట్ట ఇంకా ఉందత్తయ్యా."

"నీకేం తెలుసే, ఆకు తిప్పి చూడ్డం తప్ప! మొగుడి పరువు పోతే వీధిలో తలెత్తుకోవాల్సింది నేను."

"నన్ను పడమటి గుట్టకి తీసుకెళ్లు" అన్నాడు మామయ్య హఠాత్తుగా.

మరునాడు ఇద్దరూ వెళ్లారు. ఆయన రాతిసందులో వంగి ఒక ఆకు తిప్పాడు. ఇంకో ఆకు. గుట్టతీగను ఆరుబయట చూడటం ఆయనకు ఏళ్ల తర్వాత అదే మొదటిసారి. కుండీల్లో అరచేతంత పెరిగి మెరిసే ఆకులే ఆయనకు తెలుసు. ఇక్కడవి ముడుచుకుని, గజ్జి పట్టిన చెవుల్లా వేలాడుతున్నాయి. ఒక మొగ్గను చిదిమాడు. లోపల పువ్వు లేదు, చీములాంటి నారింజ ముద్ద ఉంది. ఆయన పక్కకు తిరిగి వాంతి చేసుకున్నాడు. ఆమె వీపు నిమరబోతే చెయ్యి తోసేశాడు.

తిరిగొచ్చాక రెండు రోజులు ఆఫీసుకు పోలేదు. జ్వరమని చెప్పించాడు. కుళాయి దగ్గర కూర్చుని గోళ్లలో సబ్బు కుక్కుకుని కడుక్కుంటూనే ఉన్నాడు. అనుమతుల ఆఫీసు మాట ఆమె ఎత్తితే, "చూద్దాంలే" అనేవాడు. ఆ 'చూద్దాం'లో వెళ్లేదీ లేదు, మానేదీ లేదు. రేపు తెల్లారితే తూర్పు గుట్టకు జీపు బయల్దేరుతుంది.

రెండో రోజు మధ్యాహ్నం పెద్దసారు స్వయంగా ఇంటికొచ్చాడు. అత్తయ్య కంగారుగా కుర్చీ తుడిచింది. ఆయన ఆమె తుడిచినచోట మళ్లీ తన రుమాలు వేసుకుని కూర్చున్నాడు.

"ఏమయ్యా పెద్దాయనా, జ్వరమా? మొహం చూస్తే జ్వరంలా లేదే, బెంగలా ఉంది."

మామయ్య నిలబడే ఉన్నాడు.

"కూర్చో, కూర్చో. నీ ఇల్లే." పెద్దసారు సంచిలోంచి కాగితం తీసి బల్లమీద పరిచాడు. పెన్ను మూత తీసి, ఆ మూతతో చెవిలో తిప్పుకుని, బయటికొచ్చినదాన్ని ఒకసారి చూసుకుని, కుర్చీ చేతికి రాశాడు. "ఇదిగో, ఇక్కడ నీ సంతకం. ఇక్కడ మేనకోడలిది. ఏ మందూ వాడలేదని. మామూలు కాగితమే."

"నేను పెట్టను సార్" అంది లెక్కలమ్మ. గొంతు తనకే వినపడనంత చిన్నగా వచ్చింది.

"నువ్వు పెట్టకపోయినా ఫర్వాలేదమ్మా. లెక్కపెట్టిన మనిషి సెలవులో ఉందని రాస్తాను. ఈయనది ముఖ్యం."

"టీ తాగుతారా సార్?" అంది అత్తయ్య. ఎవరూ వినిపించుకోలేదు.

మామయ్య కాగితం చేతిలోకి తీసుకున్నాడు. అక్షరం అక్షరం చదివాడు. "కానీ సార్, వాడాను కదా" అన్నాడు. "నాకు తెలియక. బాగుంటాయని. ఆ అరవై కుండీలకూ నేనే..." కాగితం మడత సాపు చేశాడు. "నిద్రపట్టట్లేదు సార్. మీ పేరు చెడగొట్టాను. మిమ్మల్ని మోసం చేసినట్టయింది."

పెద్దసారుకు నిజంగానే జాలేసినట్టుంది. ముందుకు వంగి ఆయన మోకాలి మీద తట్టాడు.

"ఎందుకయ్యా అంత కుమిలిపోతావు? నువ్వేదో దొంగచాటుగా చేసినట్టు! నాకు మాత్రం ముక్కు లేదా? గాజుగదిలో అడుగుపెడితే గంధకం గుప్పుమనేది. మొదటిరోజే తెలుసు నాకు."

మామయ్య తలెత్తాడు. "తెలుసా?"

"తెలియకపోతే ఈ కుర్చీ ఎందుకిస్తారు నాకు? పోన్లే, మొక్కలు శుభ్రంగా ఉంటే రిపోర్టూ శుభ్రంగా ఉంటుందనుకున్నాను. ఇంకో రెండేళ్లు పరీక్షలంటూ కూర్చుంటే దొంగతీగ ఎంత దూరం పాకేది? ఏదో ఒకటి పోవాలి కదా. పోయింది. నీ తప్పేమీ లేదు."

అత్తయ్య చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అది ఏడుపు కాదు. కంపు కొట్టే గదిలోకి వెళ్లినప్పుడు మనిషి చేసే పని.

"ఒక్కమాట చెప్పాల్సింది సార్" అన్నాడు మామయ్య. "రోజూ వచ్చేవారు. నా పక్కనే నిలబడి ఆ ఆకులు చూసి, భలే పెంచావయ్యా అనేవారు. నేను మురిసిపోయేవాణ్ణి. మానెయ్ అని ఒక్కమాట."

"చెప్తే మానేసేవాడివి" అన్నాడు పెద్దసారు, చిన్నపిల్లాడికి సులువైన లెక్క చెప్పినట్టు. "ఇక పెట్టు, పెట్టు. బయట జీపు డ్రైవరు ఎదురుచూస్తున్నాడు."

లెక్కలమ్మ మామయ్య మొహంలోకి చూసింది. గుట్టమీద మొగ్గ చిదిమినప్పుడు చూసిన మొహమే అది. అప్పుడు ఆయనకు తనమీద తనకే అసహ్యం. ఇప్పుడు అది తోవ మార్చుకుంది. ఆయన కాగితాన్ని బల్లమీద పెట్టాడు. పెద్దసారు చాపిన పెన్నును అందుకోలేదు. లేచి లోపలిగదిలోకి వెళ్లాడు.

"కళ్లజోడు కోసమేమో" అన్నాడు పెద్దసారు.

లోపల బీరువా తలుపు చప్పుడైంది. మామయ్య బయటికొచ్చేసరికి ఒంటిమీద ఇస్త్రీచొక్కా ఉంది, మెడదాకా గుండీలు పెట్టుకున్నాడు. జేబులో ఆఫీసు గుర్తింపు కార్డు. గుమ్మం పక్కన వంగి, బూట్ల తాళ్లు తీరిగ్గా ముడివేసుకున్నాడు. గోడ గడియారంలో ఇంకా రెండు కాలేదు. అనుమతుల ఆఫీసు బస్సులో గంట దూరం.

"ఏమండీ..." అంటూ అత్తయ్య ఒక అడుగు ముందుకేసి, ఆగి, ఆయన కాలరు వెనక మడత సరిచేసింది.

పెద్దసారు పెన్ను పట్టుకున్న చెయ్యి ఇంకా గాల్లోనే ఉంది. "ఎక్కడికయ్యా? ఇక్కడ ఒక్క సంతకం..."

మామయ్య తలుపు తీశాడు. ఎవరివంకా చూడకుండా మెట్లు దిగి బస్సులు ఆగే వీధివైపు నడిచి వెళ్లిపోయాడు.